పెదవికి రాసే ముందు



పెదవులు పగిలితే మీ ఇంట్లో ఏం రాస్తారండీ? ఈ ప్రశ్న పదిమందిని అడిగితే పది జవాబులొస్తాయి. ఒకరు వెన్నపూస అంటారు, ఒకరు కొబ్బరినూనె అంటారు, ఇంకొకరు పేరిన నెయ్యి అంటారు. పడుకునేముందు బొడ్డులో నూనెచుక్క వేసుకుంటే పెదవులు పగలవని చెప్పే పెద్దవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లో మాత్రం మొదటినుంచీ అన్నిటికీ ఆముదమే. పురిటిబిడ్డ మాడుకి ఆముదం, కాలిమడమలకి ఆముదం, కనురెప్పలకి ఆముదం. అందుకే మా అమ్మాయి విషయంలోనూ నా చెయ్యి ముందు ఆముదం సీసా మీదికే పోయింది. ఆ కథ మీకు చెప్పాలి. చెబితే నాకే కాస్త సిగ్గు, ఐనా చెబుతాను.

మా అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి పెదవులు ఎర్రబడి, అంచుల్లో పొట్టు లేచి ఉన్నాయి. నేను చూడగానే "ఆ లిప్‌స్టిక్కు పుణ్యమే ఇదంతా" అని తేల్చేశాను. ఆ కడ్డీ తీసి బీరువాలో దాచేసి, రాత్రిపూట దగ్గరుండి ఆముదం రాయడం మొదలుపెట్టాను. మా అత్తగారు కూడా "మా రోజుల్లో ఈ రంగులూ హంగులూ ఉన్నాయా" అని నాకు వత్తాసు పలికారు. నాలుగు రోజులయ్యేసరికి తగ్గాల్సింది కాస్తా ఎక్కువైంది. పెదవులు ఉబ్బాయి. పచ్చడి మెతుకు తగిలితే మంట. "సరిగ్గా పట్టలేదేమో" అనుకుని నేను రెండు పూటలా రాశాను!

చివరికి చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళక తప్పలేదు. ఆవిడ ఏమేం వాడారో అన్నీ రాసుకుని, అమ్మాయి వీపుమీద చిన్నచిన్న బిళ్ళల్లో రకరకాల పదార్థాలు అంటించి, రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. అప్పుడు ఆ బిళ్ళలు తీసేసి చూశారు, మళ్ళీ ఇంకో రెండు రోజులాగి మరోసారి చూశారు. ఒక్కచోట మాత్రం చర్మం ఎర్రగా కంది దద్దు తేలింది. అది ఏ రంగూ కాదు, ఏ అత్తరూ కాదు. ఆముదం పెట్టిన చోటు!

"లిప్‌స్టిక్కులోనూ ఆముదమే ఉందమ్మా. మీరు దాన్ని ఆపించి, అదే నూనెను సీసాలోంచి తీసి రాశారు" అన్నారు డాక్టరుగారు. మా అమ్మాయి నావైపు చూసి, "ఐతే పగలు నేను రాసుకున్నదీ, రాత్రి నువ్వు రాసిందీ ఒకటేనన్నమాట అమ్మా!" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆరోజునుంచీ పెదవికి రాసే ప్రతి నూనె గురించీ నలుగురినీ అడిగి, చదివి తెలుసుకోవడం మొదలుపెట్టాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, నాకు అర్థమైనట్టుగానే మీకూ చెబుతాను.

ముందు అసలు పెదవి ఎందుకు పగులుతుందో చూద్దాం. మన ఒంటిమీద చర్మానికి తనకంటూ కాస్త నూనె ఊరుతుంది. అందుకే మధ్యాహ్నమయ్యేసరికి ముక్కు, నుదురు జిడ్డోడుతుంటాయి. పెదవి ఎర్రభాగానికి ఆ వసతి లేదు. అక్కడ చెమట పట్టదు, వెంట్రుకలుండవు, నూనె ఊరే గ్రంథులు దాదాపు లేనట్టే. పైపొర కూడా బుగ్గమీద చర్మం కన్నా పల్చన. కాబట్టి లోపలి తడి తొందరగా ఆవిరైపోతుంది. చలిగాలిలోనూ, ఏసీ గదిలోనూ, నోటితో గాలి పీల్చే జలుబు రోజుల్లోనూ ఇంకా తొందరగా పోతుంది. పెదవి ఎండినప్పుడల్లా నాలుకతో తడుపుకోవడం మనకి అలవాటు. ఆ ఉమ్మి ఆరిపోతూ పెదవిని మరింత ఎండగొడుతుంది. పైగా అన్నం అరిగించడానికి ఉమ్మిలో ఉండే రసాలు ఆ సున్నితమైన పొరకి మంచి చెయ్యవు. పిల్లలు పెదవులు చప్పరిస్తుంటే మాన్పించడమే సగం వైద్యం.

మరి నూనె ఏం చేస్తుంది? చపాతీపిండి కలిపి ఊరికే వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పైన పొర కట్టి పగులుతుంది. అదే ముద్దమీద కాస్త నూనె రాసిపెడితే రెండు గంటలైనా మెత్తగా ఉంటుంది. నూనె పిండిలోకి కొత్తగా నీళ్ళు పోయలేదు గదా! ఉన్న నీళ్ళు ఆరిపోకుండా కాపాడింది, అంతే. పెదవి సంగతీ అదే. కాబట్టి ఎండిపోయి అట్టకట్టిన పెదవిమీద నూనె రాస్తే సగం లాభమే. మొహం కడుక్కుని, మెత్తని బట్టతో అద్దుకుని, ఇంకా చెమ్మ ఉండగానే రాయాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, ఏ నూనె రాసినా ఇప్పటికన్నా ఎక్కువ గుణం కనిపిస్తుంది. బొడ్డులో నూనె అంటారా, బొడ్డునుంచి పెదవికి నూనె నడిచే దారేదీ లేదండీ. ఆ చుక్కేదో తిన్నగా పెదవికే రాసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు నూనెల సంగతి. కొబ్బరినూనె మంచిదే, పెదవిని మెత్తబరుస్తుంది. కాని అది సుమారు 24 డిగ్రీలకే కరిగిపోతుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున సీసాలో గడ్డకట్టి, పొద్దెక్కగానే కరిగిపోవడం మనం చూస్తూనే ఉంటాం. పెదవి వెచ్చదనానికి అది నీళ్ళలాగా జారి, కాసేపటికి నోట్లోకో గడ్డంమీదికో పోతుంది. నువ్వులనూనె, బాదంనూనె కూడా అంతే. మెత్తబరుస్తాయి గాని నిలవవు.

ఆముదం వీటికన్నా వేరు. అది చిక్కగా, జిగురుగా ఉంటుంది. అందులో నూటికి 85 నుంచి 90 పాళ్ళు రిసినోలీక్ ఆమ్లం అనే పదార్థం ఉంది. దాని చిక్కదనమంతా అందులోంచి వచ్చిందే. లిప్‌స్టిక్కు తయారుచేసేవాళ్ళకి ఆముదం అంటే అంత ఇష్టం కూడా ఇందువల్లే. రంగుపొడి అడుక్కి దిగకుండా సమంగా కలిసి ఉంటుంది, పెదవిమీద మెరుపునిస్తుంది, తొందరగా జారిపోదు. ఇప్పుడు ఆముదం వాడని కంపెనీలూ ఉన్నాయి గాని, పాతకాలంనుంచీ లిప్‌స్టిక్కుల్లో ప్రధానమైన నూనె ఇదే. ఆముదపు గింజలో విషం ఉంటుందిగదా, మరి నూనెలో ఉండదా అని కొందరికి సందేహం. ఆ విషం నూనెలో కరిగేది కాదు, పిప్పిలో మిగిలిపోతుంది. మన పెద్దవాళ్ళు గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి వంటాముదం తీసేవారు గదా, ఆ వేడికి విషం విరిగిపోతుంది కూడా. ఆముదం చాలామందికి ఏ చెడుపూ చెయ్యదు. ఏ కొద్దిమందికో మా అమ్మాయికిలాగా పడదు. ఆ కొద్దిమందిలో మీ పిల్ల ఉంటే ఆ లెక్కలతో మనకి పనేముంది చెప్పండి!

ఇక బటర్లు. బటర్ అనగానే పాలవెన్న అనుకోకండి. గింజల్లోంచి తీసిన కొవ్వు గది వేడిలో గడ్డగా ఉంటే దాన్ని బటర్ అంటున్నారు. వీటిలో అందరికీ తెలిసినది కోకో బటర్. చాక్లెట్‌కి మూలమైన కోకో గింజల్ని పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, మెత్తగా నూరి పిండితే వస్తుంది. పప్పులో సగానికి పైగా ఈ కొవ్వే. దీని పుట్టిల్లు అమెరికా ఖండమే ఐనా, ఇవాళ మన గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో నీడపట్టున అంతరపంటగా కోకో పెరుగుతోంది. ఈ బటర్‌లో ఓ తమాషా ఉంది. ఇది సుమారు 34 నుంచి 36 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే చేతిలో గట్టిగా ఉండి, నోరు తగలగానే కరుగుతుంది. చాక్లెట్ నాలుకమీద కరిగేదీ ఇందుకే. పెదవిమీద రుద్దినప్పుడు పల్చగా పరుచుకుని, కొబ్బరినూనె కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది.

షియా బటర్ అని ఈమధ్య డబ్బాలమీద చూస్తున్నాం. ఇది పశ్చిమ ఆఫ్రికాలో, ఘనా, మాలీ, బుర్కినాఫాసో వంటి దేశాల్లో పెరిగే చెట్టు గింజలోంచి వస్తుంది. అక్కడ ఆ పని చేసేది ఆడవాళ్ళే. రాలిన పళ్ళు ఏరి, గింజలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పప్పు దంచి, వేయించి, నూరి, ఆ ముద్దలో నీళ్ళు పోసి చేత్తో గిలకొడతారు. మన మజ్జిగలో వెన్న తేలినట్టు పైకి కొవ్వు తేలుతుంది. ఈ చెట్టు మనకి పరాయిది అనుకోవద్దు. మన ఇప్పచెట్టూ, సపోటాచెట్టూ, ఈ షియాచెట్టూ ఒకే కుటుంబానివి. ఇప్పగింజల్లోంచీ ఇలాంటి కొవ్వే వస్తుంది. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో గిరిజనులు దాన్ని వంటకీ, దీపానికీ వాడుతూ వచ్చారు. మనం ఇప్పపువ్వు సారా గురించి విన్నంతగా ఇప్పనూనె గురించి వినలేదు, అంతే తేడా.

మూడోది కోకం బటర్. కొంకణం వాళ్ళు చింతపండుకి బదులు పప్పులో, చారులో కోకం వేస్తారు చూడండి, ఆ పండు గింజలోదే ఇది. మిగతా రెండింటికన్నా గట్టిగా ఉంటుంది. అక్కడి ఇళ్ళల్లో పగిలిన పెదవికీ, కాలిమడమకీ రాసే పాతకాలపు మందు ఇది. ఆంధ్రలో మనకి ఆముదం ఎలాగో, వాళ్ళకి కోకం అలాగన్నమాట.

ఐతే బటర్ ఒక్కటే రాసినా ఎండాకాలం నిలవదు. దానిపైన కాపలాకి మైనం కావాలి. తేనెపట్టు మైనం 62, 64 డిగ్రీలదాకా కరగదు. బ్రెజిల్‌లో ఒకరకం తాటిజాతి చెట్టు ఆకులమీద కట్టే కార్నౌబా మైనం 80 డిగ్రీలు దాటితేగాని కరగదు. తేనెటీగలనుంచి వచ్చినది వద్దనేవాళ్ళకోసం కంపెనీలవాళ్ళు దీన్ని వాడుతుంటారు. నూనె మెత్తబరుస్తుంది, బటర్ పట్టి ఉంచుతుంది, మైనం పైన మూతలా ఉంటుంది. అంగట్లో దొరికే లిప్ బామ్ ఖరీదు ఎంతైనా, లోపల చాలావరకు ఈ ముగ్గురి కాపురమే.

ఇంట్లో చేసుకోవాలంటే కష్టమేమీ లేదు. తేనెమైనం 5 గ్రాములు, కోకో లేక కోకం బటర్ 5 గ్రాములు, మీకు పడే నూనె 15 గ్రాములు. వంటింటి కాటామీద తూచుకోండి, చెంచాల లెక్క కుదరదు. మైనం అని చెప్పి కొవ్వొత్తి ముక్క వెయ్యకండి, అది వేరే సరుకు. ఓ గిన్నెలో నీళ్ళు కాగనిచ్చి, అందులో చిన్న గిన్నె పెట్టి ముందు మైనం కరిగించండి. తర్వాత బటర్, చివర నూనె. తిన్నగా పొయ్యిమీద పెడితే మాడుతుంది. నీటిచుక్క మాత్రం పడకూడదు, పడితే బూజు పడుతుంది. కరిగాక చల్లని స్టీలుపళ్ళెంమీద ఒక చుక్క వేసి చూడండి. మరీ గట్టిగా ఉంటే కాస్త నూనె, మరీ మెత్తగా ఉంటే కాస్త మైనం. మన ఎండలకి ఏప్రిల్, మే నెలల్లో మైనం కొంచెం ఎక్కువే పడుతుంది. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చిన్న డబ్బీల్లో పోసి తొందరగా చల్లారనివ్వండి. మెల్లగా చల్లారితే కోకో, షియా బటర్లు రవ్వరవ్వగా పేరుకుంటాయి. పాడైనట్టు కాదు, మళ్ళీ కరిగించి చల్లబరిస్తే సరి. ముక్కిన వాసన వస్తే మాత్రం పారేయాలి. ఎవరి డబ్బీ వాళ్ళకే ఉండాలి సుమా. పెదవిమీద నీటిపొక్కులు ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయి.

కొనుక్కునేవాళ్ళు డబ్బామీద చిన్నక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. అక్కడ మన పేర్లుండవు, చెట్ల శాస్త్రీయనామాలుంటాయి. రిసినస్ కమ్యూనిస్ అంటే మన ఆముదమే. కోకోస్ న్యూసిఫెరా అంటే కొబ్బరి. థియోబ్రోమా కకావ్ అంటే కోకో. గార్సీనియా ఇండికా అంటే కోకం. సెరా ఆల్బా అంటే తెల్ల తేనెమైనం. బ్యూటిరోస్పెర్మమ్ పార్కీ అంటే షియా. ఈ పార్కీ ఎవరంటే ముంగో పార్క్ అనే స్కాట్లండు యాత్రికుడు. ఆఫ్రికాలో తిరిగి, అక్కడివాళ్ళు ఈ వెన్న తీసే సంగతి 1799లో అచ్చైన తన పుస్తకంలో రాశాడు. ఈ పేర్లు ఓ కాగితంమీద రాసి అద్దం పక్కన అంటించుకోండి. ఎక్కువ పాలు కలిసినది జాబితాలో ముందు వస్తుంది. పైన పెద్దక్షరాలతో షియా బటర్ అని బొమ్మ వేసి, లోపల జాబితాలో అది చిట్టచివర ఉంటే మీరు కొంటున్నదేమిటో మీకే అర్థమవుతుంది. మా అమ్మాయి లిప్‌స్టిక్కు డబ్బామీద కూడా మొదటి పేరు రిసినస్ కమ్యూనిసే. అది అప్పుడు నాకు చదవడం రాలేదు.

"ప్రకృతి సిద్ధమైనది, కాబట్టి హాని లేదు" అనే మాట నేనూ అంటూవచ్చినదాన్నే. ఇప్పుడనను. పెదవి నల్లబడిందని నిమ్మచెక్క రుద్దుతారు కొందరు. నిమ్మరసం ఉన్న చోట ఎండ తగిలితే చర్మం కంది, ఇంకా నల్లమచ్చలు పడొచ్చు. దాల్చినచెక్క నూనె, పుదీనా నూనె రాస్తే చురుక్కుమని పెదవి నిండుగా కనిపిస్తుంది. అది అందం కాదండీ, వాపు. కర్పూరం కలిపిన నూనె పసిపిల్లల పెదవిదగ్గరికి రానివ్వకండి, కడుపులోకి పోతే ప్రమాదం. పెదవికి రాసింది కొంతైనా కడుపులోకి పోతుందని మరిచిపోకూడదు. నువ్వులు, బాదం, వేరుశెనగ తింటే పడనివాళ్ళు ఆ నూనెలు పెదవికీ రాయకూడదు. ఏ కొత్తదైనా ముందు మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు చూసుకోండి. దురద, ఎరుపు లేకపోతేనే పెదవికి. రాసినకొద్దీ ఎక్కువవుతోందంటే, నాలాగా రెండు పూటలు చెయ్యకండి. ముందు ఆపండి.

ఇంకో రెండు మాటలు. నోటిమూలలు చీలితే నూనెతో తగ్గదు. బి విటమిను, ఇనుము తక్కువైనా, అక్కడ బూజుజాతి క్రిమి చేరినా అలా అవుతుంది, దానికి మందు వేరు. ఈ నూనెలూ బటర్లూ ఎండను ఆపేది బహుస్వల్పం. కింది పెదవిమీద ఎండ సూటిగా పడుతుంది గనుక గొడుగో కొంగో అడ్డంపెట్టుకోవడం మేలు. పెదవిమీద పుండుగాని, గట్టిపడిన మచ్చగాని రెండు మూడు వారాలైనా మానకపోతే ఇంటివైద్యం కట్టిపెట్టి డాక్టరుకి చూపించాలి. పొగాకు, ఖైనీ అలవాటున్నవాళ్ళైతే ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకూడదు.

మా అమ్మాయి పెదవులు ఎలా తగ్గాయో చెప్పలేదు గదూ! డాక్టరుగారు రాయించిన మందు కొన్నాళ్ళు, తర్వాత వాసనా రంగూ లేని ఉత్త పెట్రోలియం జెల్లీ. 1872లో అమెరికాలో పేటెంటు తీసుకున్న సరుకు, చెట్టుదీ కాదు పుట్టదీ కాదు, భూమిలోని చమురులోంచి వచ్చింది! తడి ఆరిపోకుండా ఆపడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ, పడనివాళ్ళూ చాలా తక్కువ. మూడు వారాల్లో పిల్ల మొహం మామూలైంది. ఇప్పుడు కోకం బటర్‌తో, కొబ్బరినూనెతో నేను చేసిచ్చిన డబ్బీ వాడుకుంటోంది. ఆముదం లేని లిప్‌స్టిక్కు కూడా ఒకటి వెతికి కొనుక్కుంది. బీరువాలో దాచడం నేను మానేశాను.

ఆముదం సీసా మా ఇంట్లో ఇంకా అదే గూట్లో ఉంది. మా అత్తగారి మడమలకి అది లేనిదే జరగదు. ఒకే నూనె ఒకరికి మందు, ఇంకొకరికి మంట. పెద్దలు చెప్పినది వద్దనడంలేదు, కొట్లో దొరికేది చెడ్డదనీ అనడంలేదు. ఇది ఎవరికి రాస్తున్నాం, రాశాక ఏమవుతోంది అని కళ్ళు తెరిచి చూడమంటున్నాను. నేను చూడని ఆ వారంరోజుల మంటా మా పిల్ల పడింది.